దాలమ్మ మాట వినే ట్రాక్టరు

చీపురుపల్లికి పడమటగా ఉన్న ఆ ఊళ్లో తెల్లారేసరికి గణపతిరావు ట్రాక్టరు చప్పుడూ, ఆ వెనకే అతని పెళ్లాం దాలమ్మ గొంతూ వినిపించేవి. ట్రాక్టరు అతని తండ్రి కొన్నది. రంగు పోయింది, హారను పోయింది, బ్రేకులు ఎప్పుడో పోయాయి. ఆగాల్సిన చోటు రాగానే, మడ్‌గార్డు మీద కూర్చున్న దాలమ్మ "సాల్లే, ఆగు" అనేది. ఆగేది. గణపతిరావు గొంతు చించుకున్నా దానికి పట్టదు. అందుకని దుక్కికైనా, చేలకి గత్తం ఎరువు తోలడానికైనా ఆమె పక్కన ఉండాల్సిందే. ట్రాక్టరు బాడుగకి కావాలంటే ఊళ్లోవాళ్లు ముందు దాలమ్మకి తీరికుందా అని అడిగేవారు.

ఆ తీరిక లేకే కూతురు రాజకుమారి మొదటి పురుడు ఆమె చూడలేదు. పిల్ల పురిటికి పుట్టింటికే వచ్చింది. నొప్పులు మొదలైన పూట దాలమ్మ ఊరవతల చేలో ఉంది. "ఈ ఒక్క మడీ అయిపోనీయే" అన్నాడు గణపతిరావు. పక్కింటి మరిడమ్మే పిల్లని ఆసుపత్రికి తీసుకెళ్లింది. దాలమ్మ చేరేసరికి మనవడు పాలు తాగి నిద్రపోతున్నాడు. వాడు పుట్టగానే ఎలా ఏడ్చాడో మరిడమ్మ ఇప్పటికీ చేసి చూపిస్తుంది. చూసినప్పుడల్లా దాలమ్మకి ఒళ్లు మండుతుంది.

ఇప్పుడు రెండో కాన్పు. రాజకుమారి కొత్తవలసలో ఉంది. అల్లుడిది రైల్వేలో పని, ఇంట్లో ఇంకో ఆడదిక్కు లేదు. ఫోను చేసి, "ఈపాలైనా నా పక్కనుంటావేటమ్మా?" అంది. దాలమ్మ ఫోను పెట్టేసి, మెకానిక్కు అసిరయ్యకి కబురు పంపింది.

"ఇప్పుడు బ్రేకులెందుకే? నువ్వున్నావు గదా," అన్నాడు గణపతిరావు.

"నానుండను. అందుకే."

అసిరయ్య ట్రాక్టరు కింద దుంగలు పెట్టి బ్రేకు డబ్బా విప్పాడు. డిస్కులు అరిగి రేకుల్లా అయ్యాయి. దానికి తోడు గేరు నూనె కారి నానిపోయాయి. పెడలు ఎంత తొక్కినా జారడమే తప్ప పట్టడం లేదు. నూనె బయటికి రాకుండా ఆపాల్సిన సీలు దగ్గర అతను కాసేపు వేలు పెట్టి తడిమాడు.

"బావా, ఈ సీలు తిరగేసి బిగించినారు. నూనె కారదా మరి? ఎవలి పనిది?"

గణపతిరావు చుట్ట వెలిగించుకోవడంలో పడ్డాడు.

"సెప్పు మావా," అంది దాలమ్మ.

"నానే. మనవడు పుట్టకముందు. ముందు తిన్నగానే బిగించినాను, బ్రేకు బాగా పట్టింది. ఇంక నువ్వు ఇంటికాడ ఉండిపోతావు గదాని..." చుట్ట ఆరిపోయింది. "ఒక్కడినీ తోల్తే నాకు ఊసుపోదే."

దాలమ్మకి కోపమూ వచ్చింది, నవ్వూ వచ్చింది. కోపమే ఎక్కువ వచ్చింది. ఆ రాత్రి అన్నం పెట్టింది గానీ మాట్లాడలేదు.

అసిరయ్య సీలు మార్చి, డబ్బా లోపలంతా పెట్రోలుతో కడిగి, కొత్త డిస్కులు వేశాడు. రెండు చక్రాలకీ సమంగా పట్టేలా సరిచేశాడు. గణపతిరావు తొక్కాడు. ట్రాక్టరు ఆగింది. దాలమ్మ నోరు విప్పలేదు.

మర్నాడు నొప్పులు మొదలయ్యాయని అల్లుడు ఫోను చేశాడు. గణపతిరావు ఆమెని ట్రాక్టరు మీదే స్టేషనుకి తీసుకెళ్లాడు. దారిలో ప్రతి మలుపులోనూ, అవసరం లేకపోయినా, బ్రేకు తొక్కి చూసుకున్నాడు. స్టేషను చేరేసరికి విశాఖ పాసింజరు కదిలిపోతోంది. మళ్లీ బండి సాయంత్రానికి గానీ లేదు.

దాలమ్మ సంచీ చంకన పెట్టుకుని ప్లాటుఫారం మీదకి నడిచింది. పరిగెత్తలేదు.

"సాల్లే, ఆగు," అంది.

ఆగింది. గార్డు వంగి సంచీ అందుకున్నాడు. "బేగి ఎక్కమ్మా," అన్నాడు.

కిటికీ దగ్గర కూర్చున్నాక మొగుడితో మాట్లాడింది. "కుండలో గంజన్నం ఉన్నాది. తిను."

ఆ మధ్యాహ్నం కొత్తవలస ఆసుపత్రిలో మనవరాలు పుట్టింది. పుడుతూనే అందుకున్న ఏడుపు ఎంతకీ ఆపదు. నర్సు ఊపి చూసింది. తలుపు దగ్గర అల్లుడు కంగారుపడ్డాడు. "అమ్మా, ఆగమని సెప్పవే," అంది రాజకుమారి నీరసంగా.

దాలమ్మ పిల్లని ఒళ్లోకి తీసుకుంది.

"కాసేపు ఏడవనీయే," అంది. "నన్ను ఇననీ."