పైకి చూడని మనిషి

ఆ నెర్రె ఇవాళ్టిది కాదు, కొత్త నెర్రె అయితే అంచులు తెల్లగా కనపడతాయి, ఇది నల్లబడింది, పాతదే, పాతదైతే మాత్రం పడదని ఎవరు పూచీ, అనుకుంటూ సంతోషమ్మ ఇసుకలో గొంతుక్కూర్చుని ఆ రాతి కమాను వైపే రెప్పవేయకుండా చూస్తోంది, కమాను కింద కొడుకు ఆనంద్ బాబు, కోడలు కృపారాణి, సెల్‌ఫోన్ ఎత్తిపట్టుకుని ఒకరి భుజానికొకరు ఆనుకుని నవ్వుతున్నారు, వాళ్ల వెనక సముద్రం, వాళ్ల నెత్తిన ఆ రాయి, విశాఖపట్నం వచ్చినవాళ్లు పార్కులూ ఓడలూ చూసి పోకుండా భీమిలి రోడ్డు పట్టుకుని వచ్చి, సముద్రం కొండను దొలిచి నిలబెట్టిన ఈ దర్వాజా కింద నిలబడాలట, పెళ్లై నెల తిరగలేదు, ముచ్చట్లు తీరాలి కదా, తీరనీ, ఎవరు కాదన్నారు, ఇంత లోకంలో ముచ్చట తీర్చుకోవడానికి రాయి కిందే చోటు దొరికిందా. నువ్వు గూడ రా అత్తా, ఒక ఫోటో దిగుదాం, అని కోడలు చెయ్యి పట్టి లాగింది, నేను రానుమా, మీరు పోయి బిన్నె రాండి అంటే, ఆమె రాదులే కృపా, మా అమ్మ ఇంటి చూరు కింద గూడ నిలబడదు, అని కొడుకు ఎగతాళి చేశాడు, అనడూ మరి, వాడికేం తెలుసు, వాళ్ల నాయన పోయినప్పుడు వాడింకా ఆమె కొంగు పట్టుకుని తిరుగుతున్నాడు, ఆనాటి నుంచి మార్కాపురంలో పలకల ఫ్యాక్టరీలో కూర్చుని పలకలు కోసి, అంచులు రుద్ది వాణ్ణి సాకింది గాని, రాయి తీసే గనిలోకి తను అడుగు పెట్టలేదు, వాణ్ణి పెట్టనివ్వలేదు.

గనికి ఒక మర్యాద ఉంది, పైన రాయి ఉన్నచోటికి పోయేముందు పలుగుతో ఆ రాతిని ఒక దెబ్బ కొట్టి చూడాలి, ఖంగుమంటే పోవాలి, డొల్లగా పలికితే వెనక్కి రావాలి, కింద మనిషి ఉంటే పైనుంచి పేరు పెట్టి కేకెయ్యకూడదు, అరుపుకి రాయి ఉలిక్కిపడుతుందంటారు, పెళ్లైన కొత్తలో సద్ది తీసుకుపోయి గట్టు మీద నుంచి ఏమయ్యో అని పిలిచినందుకు మొగుడు ప్రభాకరరావు గబగబా పైకెక్కి వచ్చి, ఇంకోసారి అట్ల అరవబాక, చప్పట్లు కొట్టు చాలు, నాకినపడతది, అన్నాడు, ఎంత నెమ్మదిగా చెప్పాడో, అన్ని జాగ్రత్తలు తెలిసినవాడు, ఊరందరికీ చెప్పినవాడు, ఆ రోజు పైకి చూడకుండా ఎలా పోయాడు, తోటి కూలీ సామ్యేలు కాలు బండల్లో ఇరుక్కుందట, లాగడానికి పోయాడట, పో, వద్దన్నదెవరు, ఒక్క దెబ్బ కొట్టి చూడొద్దా, పోనీ ఒక్క చూపు పైకి చూడొద్దా, పైరాయి ఊడి ఆయన మీద పడింది, సామ్యేలు బతికాడు, కుంటుకుంటూ వచ్చి గుమ్మంలో కూలబడి, అన్న పైకి చూడలేదొదినా, పైకి చూడనే లేదు, అని గుండెలు బాదుకున్నాడు, అందరూ ఏడ్చారు, తనకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది, ఆ కోపం ఇంతవరకూ దిగలేదు, ప్రార్థనలో మోకాళ్లూని శత్రువుల్ని కూడా క్షమించింది గాని ఆయన్ని క్షమించలేకపోయింది, నేనూ పిల్లగాడూ నీకు గుర్తే రాలేదా, అంత తేలికైపోయామా నీకు, అని ఎన్నిసార్లు అడిగిందో, ఫోటోలో ఉన్న మనిషి ఏం చెబుతాడు.

మీవోళ్లని వచ్చీమనండమ్మా, పోటు మొదలైపోనాది, నీరెక్కేస్తది, అని మరమరాల బండివాడు ఇందాకా చెప్పాడు, ఊ అంది, చూపు మాత్రం నెర్రె మీద నుంచి తియ్యలేదు, నీళ్లదేముంది, తమ వైపు నీళ్లంటే బోరు పడితే రావాలి, ట్యాంకరు వస్తే రావాలి, బిందెలు వరసబెట్టి కూర్చున్నా రానివి నీళ్లు, అవి మనిషి మీదికి వస్తాయంటే ఎలా నమ్మడం, చంపితే రాయే చంపాలి, అందుకే రాతిని చూస్తోంది, రాయి కదల్లేదు, చిన్న పెళ్ల ఒక్కటీ రాలలేదు, హమ్మయ్య అనుకుని చూపు కిందికి దించితే, వాళ్లు నడిచిపోయిన ఇసుక లేదు, అక్కడంతా నురగ, తనకూ కమానుకూ మధ్య నీళ్లు, ఎప్పుడొచ్చాయి, ఇంతలో కమాను అవతలి నుంచి ఒక అల లోపలికి దూరి ఫెళ్లున కొట్టింది, కృపారాణి పడింది, లేవబోయి మళ్లీ పడింది, ఆనంద్ వంగి ఆమె కాలు పట్టుకుని లాగుతున్నాడు, రావడం లేదు, కాలు బండల సందులో ఇరుక్కుంది, ప్రభువా, కాలు ఇరుక్కుంది.

నోరు తెరిచింది, కేక గొంతు దాకా వచ్చి ఆగింది, కింద మనిషి ఉన్నాడు, పైన రాయి ఉంది, అరవకూడదు, రెండు చేతులూ ఎత్తి చప్పట్లు కొట్టింది, ఆ సముద్రపు హోరులో, పిచ్చిదానిలా, చప్పట్లు కొడుతూనే ఉంది, బండివాడు గరిటె పట్టుకుని తెల్లబోయి చూస్తున్నాడు, ఇంకో అల లేస్తోంది, ఇక లాభం లేదు, ఆనందూ, అని అరిచింది, ఆ అరుపు తన చెవికే ఆనలేదు, సముద్రం మింగేసింది, అప్పుడు లేచి ఉరికింది, చీర కుచ్చిళ్లు కాళ్లకు చుట్టుకుంటున్నాయి, నీళ్లు మోకాళ్లకు, నడుముకు, అమ్మా రాబాకే, రాబాకే అంటున్నాడు వాడు, నోర్ముయ్యిరా, ఆ చెప్పు ఊడబీకు ముందు, చెప్పే పట్టింది, అని మునిగి చేత్తో తడిమి చెప్పు పట్టీ తెంపింది, కాలు మడమ దగ్గర చీరుకుపోయి ఊడివచ్చింది, అల వచ్చి ముగ్గురినీ ఒక్క ముద్దగా చేసి ఇసుక మీదికి విసిరింది, బండివాడు పరుగున వచ్చి కోడలి చెయ్యి పట్టి గట్టుకు లాగాడు.

కృపారాణి ఆమె ఒళ్లో తలపెట్టి వెక్కుతోంది, ఆనంద్ ముక్కులోంచి ఉప్పునీళ్లు కారుతుంటే వణుకుతూ, ఏందిమా నువ్వు, ఈత రాదు, ఏమీ రాదు, ఎందుకొచ్చినావే లోపలికి, నీకేమన్నా అయితే, అని కోప్పడుతున్నాడు, ఊరుకో నాయనా, అంటోంది, అంటూనే ఏదో వెతుక్కుంటోంది, ఇప్పుడే కదా దాని కింద నిలబడింది, కింది నుంచి ఆ రాయి ఎలా ఉంది, ఎత్తెంత, తడిగా ఉందా, పొడిగా ఉందా, ఎంత తలచుకున్నా కళ్ల ముందుకు రావడం లేదు, కాలు గుర్తుంది, చెప్పు పట్టీ గుర్తుంది, పిల్ల ముఖం గుర్తుంది, రాయి లేదు, పైన రాయి ఉందన్న మాటే లేదు, తనేమైపోతుందో, తను పోతే వీడేమైపోతాడో, ఆ తలపే లేదు, ఇన్నేళ్ల పంతం, చూరు కింద కూడా నిలబడని మనిషి, ఒక్కసారైనా తలెత్తలేదు, అయితే నువ్వూ ఇంతేనా, ఏమయ్యా, మమ్మల్ని మరిచిపోయి కాదా నువ్వు పోయింది, నేను తప్పుగా అనుకున్నానే, ఇంతకాలం నీ మీద ఊరికే కోపం పెట్టుకున్నానే, అని సంతోషమ్మ తడికొంగు నోట్లో కుక్కుకుని, గుమ్మంలో సామ్యేలు ఏడ్చిన నాడు రాని ఏడుపు ఏడ్చింది, ఎందుకుమా, ఏం గాలేదు గదా, అని కొడుకు వీపు నిమురుతున్నాడు, వాడికి ఎలా చెప్పడం, మీ నాయన పైకి చూడలేదురా, చూడలేడు, అలా పోయే మనిషి పైకి చూడడు.