తాళం వేసిన ఇళ్లు

మీటింగు హాల్లో కుర్చీల చేతులు కూడా తుడవమని చెప్పి వెళ్లాడు ఆఫీసు మేనేజరు. పెద్దవాళ్లు వస్తున్నారట, చొక్కాలకు దుమ్ము అంటకూడదట. ఇరవై నాలుగు కుర్చీలకు నలభై ఎనిమిది చేతులు, తుడవడానికి ఆమెకున్నవి రెండే. ఆ రెండూ తెల్లారక ముందు నుంచీ పనిలోనే ఉన్నాయి. నీళ్లు పట్టి, వండి, బట్టలుతికి, రేకుల కప్పు మీద తడి గోనెసంచులు పరిచి మరీ వచ్చింది. సంచులు పరుస్తుంటే మొగుడు మంచం మీంచే అన్నాడు, "ఎండ అందరికీ కాస్తోంది, నీ ఒక్కదానికేనా?" అంటూనే ఫ్యాను తన వైపు తిప్పుకున్నాడు.

మీటింగు మొదలైంది. ఎండల నుంచీ వరదల నుంచీ నగరాన్ని కాపాడే ప్రణాళికట. టీలు అందిస్తూ తెర మీది మ్యాపు వైపు చూసిన ఆమె కాళ్లు అక్కడే ఆగిపోయాయి. అది వాళ్ల కాలువ. ఆ పక్కన వంతెన. ఆ రెంటి మధ్యా వాళ్ల వీధి ఉండాల్సిన చోట ఒత్తుగా పచ్చరంగు పూసేశారు.

"ఇది ఖాళీయే, మేడమ్," అన్నాడు ఇంజనీరు, మధ్య కుర్చీలో ఉన్న పెద్దాఫీసరమ్మతో. "వేడి కొలవడానికి మధ్యాహ్నం రెండింటికి వెళ్లారు మనవాళ్లు. అన్నిటికీ తాళాలే, ఎవరూ ఉండట్లేదు. వచ్చే నెల పడగొట్టి చెట్లు నాటితే చుట్టుపక్కలంతా చల్లబడుతుంది."

ఆమెకు ఒళ్లు మండిపోయింది. మధ్యాహ్నం రెండింటికి ఆ రేకుల కింద పిల్లి కూడా ఉండదు. పనికి పోయేవాళ్లు పోగా మిగిలిన ముసలివాళ్లు, పసిపిల్లల తల్లులు తలుపులకు తాళాలేసుకుని వంతెన నీడకు చేరతారు, పొద్దు వాలాక వస్తారు. ఎండెంతో కొలవడానికొచ్చి, ఆ ఎండకే బయటపడ్డ మనుషుల్ని లేరని రాసుకుపోయారు! చెప్పాలి. చెబితే? "ఇక్కడ నీకు చెవులుండాలి గానీ నోరుండకూడదు" అని చేరిన రోజే చెప్పాడు మేనేజరు. "నీ నోటి దురుసుతో ఈ పని పోగొట్టుకున్నావో, గుమ్మం తొక్కకు" అని మొగుడు. వచ్చే నెలకి ఆ గుమ్మమే ఉండదని వీళ్లు చెబుతున్నారు.

"అన్నీ బాగానే ఉన్నాయి గానీ," అంది మేడమ్ కాగితాలు తిప్పుతూ, "పేద మహిళల్ని కూడా సంప్రదించినట్టు ఒక సంతకమైనా కావాలి. లేకపోతే పైవాళ్లు ఒప్పుకోరు."

"మన ఊడ్చే ఆవిడుందిగా," అన్నాడు మేనేజరు. పదకొండేళ్లలో ఆమె ఎక్కడుంటుందో ఆయన ఒక్కసారీ అడగలేదు. ఇంకు ప్యాడ్ తెరిచి ఆమె ముందు పెట్టాడు. "ఇక్కడ వేలిముద్ర వెయ్యమ్మా. రెండు నిమిషాల పని."

ఆమెకు వేలిముద్ర వెయ్యడమే వచ్చనుకున్నారు. ఆమె పదో తరగతి పాసైంది. మొగుడు ఎనిమిదితో ఆపేశాడు కాబట్టి ఆ సంగతి ఎవరి దగ్గరా ఎత్తొద్దని పెళ్లికి ముందే అత్తగారు మాట తీసుకుంది. "మావాడు చిన్నబుచ్చుకుంటాడమ్మా" అని. వాడు చిన్నబుచ్చుకోకుండా తనే ఇన్నేళ్లూ చిన్నదైపోయింది. ఎంత తేలిగ్గా ఒప్పుకుందో తలుచుకుంటే తన మీద తనకే కోపం వచ్చింది.

ఆమె ట్రే కింద పెట్టింది. తను తుడిచిన కుర్చీని లాక్కుని కూర్చుంది.

"పెన్నివ్వండి."

మేడమే పెన్ను అందించింది. 'స్థానిక మహిళలను సంప్రదించగా అంగీకరించారు' అని ఉన్నచోట, చివరి మాట కొట్టేసి 'అంగీకరించలేదు' అని రాసి, కింద ఇంటిపేరుతో సహా సంతకం పెట్టింది. ఇన్నేళ్ల తర్వాత కూడా అక్షరాలు గుండ్రంగానే వచ్చాయి.

"ఏం చేశావమ్మా! కాగితం పాడుచేశావు," మేనేజరు గొంతు లేచింది. "ఇప్పుడు మళ్లీ రాయించాలి."

"రాయించండి," అంది ఆమె. "మాది ఆ పచ్చరంగు పూసిన వీధే. పొద్దున ఆరింటికి రండి. అందరం ఇంట్లోనే ఉంటాం."