వంపు గీత

జనవరి రెండో వారంలో అమెరికాలో ఉన్న కాలేజీ ఫుట్‌బాల్ కోచ్‌లంతా ఒక ఊళ్ళో చేరతారు. ఆ ఏడు నాష్‌విల్‌లో చేరారు. పేరుకి మహాసభ. మేడ మీద హాళ్ళలో ఉపన్యాసాలు జరుగుతూనే ఉంటాయి గానీ వినేవాళ్ళు తక్కువ. అసలు వ్యవహారమంతా కింద హోటల్ లాబీలో. పనున్నవాళ్ళు తమ కాలేజీ ముద్ర ఉన్న చొక్కాలు వేసుకుని అటూ ఇటూ నడుస్తారు. పని పోయినవాళ్ళు ముద్ర లేని చొక్కాలు వేసుకుని నిలబడతారు. ఇది ఎవరో పెట్టిన రూలు కాదు. వెళ్ళగొట్టిన కాలేజీ చొక్కా తొడుక్కుని రావడమంటే విడాకులయ్యాక ఉంగరం పెట్టుకుని తిరగడమే. ఆపాటి సిగ్గు అందరికీ ఉంది. పొద్దున్నే అడ్డా మీద నిలబడ్డ కూలీలకీ వీళ్ళకీ తేడా ఏమిటంటే, వాళ్ళ చేతుల్లో పారలుంటాయి, వీళ్ళ చేతుల్లో ఫైళ్ళుంటాయి.

రాయిస్ టెగ్లర్ నీలం చొక్కా వేసుకుని ఎస్కలేటర్ పక్కన నిలబడ్డాడు. యాభై ఆరేళ్ళ మనిషి. ముప్ఫై ఒక్క ఏళ్ళు స్పెషల్ టీమ్స్ కోచ్‌గా చేశాడు, పదకొండు కాలేజీల్లో. బంతి పట్టుకుని ముందుకు తోసుకుపోయేవాళ్ళకి ఒక కోచ్ ఉంటాడు, వాళ్ళని ఆపేవాళ్ళకి ఇంకో కోచ్ ఉంటాడు. ఇక బంతిని కాలితో తన్నే ఘట్టాలు మిగులుతాయి కదా, అవన్నీ స్పెషల్ టీమ్స్ కోచ్ నెత్తిన పడతాయి. అన్నీ సవ్యంగా జరిగిపోతే జనం ఆ కాస్సేపట్లో హాట్‌డాగ్ కొనుక్కోడానికి లేస్తారు. ఒక్కటి బెడిసికొడితే మాత్రం, అప్పటిదాకా అతని మొహం ఎరగనివాళ్ళు కూడా మర్నాటికల్లా పేరు కనుక్కుని మరీ తిడతారు. పదమూడు నెలల కిందట, డిసెంబరులో, హెడ్ కోచ్‌ని తీసేసినప్పుడు రాయిస్‌నీ తీసేశారు. అది మామూలే. పెద్దాయన పోతే పరివారమంతా పోవాల్సిందే. మామూలు కానిదేమిటంటే, ఏడాది తిరిగినా ఎవరూ అతనికి ఫోన్ చెయ్యలేదు.

అతని భార్య మార్లా అయోవాలో, వాళ్ళ అన్న డెన్నీ ఇంటి మేడ మీద గదిలో ఉంది. డెన్నీకి టైర్ల షాపు ఉంది. అందులో ముందు కౌంటరు దగ్గర మనిషి కావాలి. పొద్దున్న మార్లా ఫోన్లో అరిచిందీ లేదు, ఏడ్చిందీ లేదు.

"మధ్యాహ్నం లోపల చెప్పు రాయిస్. సోమవారం నుంచి నువ్వు రాకపోతే అన్నయ్య ఇంకొకణ్ణి పెట్టేసుకుంటాడు. ఎన్నాళ్ళని ఆపుతాడు పాపం!"

"పదకొండింటికి బ్రాక్‌ని కలుస్తున్నాను. వాడు నాకు ఇవ్వకపోతే ఇంకెవరికిస్తాడు?"

"పోయినసారి కూడా ఇలాగే అన్నావు."

"పోయినసారి బ్రాక్ కాదు."

"సరే. ఈసారి కూడా కాకపోతే ఇంక ఆపేస్తానని నాకు మాటిచ్చావు. అది గుర్తుంచుకో."

మాటిచ్చిన సంగతి నిజమే. అందుకే పదకొండు దాకా ఆగలేక ఎనిమిదింటికే లాబీకి దిగాడు.

వెర్న్ మాట్లాక్ అప్పటికే అక్కడున్నాడు. వెర్న్ కూడా స్పెషల్ టీమ్స్ కోచే, అరవై దాటినవాడు, అతనిదీ ముద్ర లేని చొక్కానే. ఇరవై ఏళ్ళ కిందట ఇద్దరూ ఒకే కాలేజీలో ఒకే బల్ల పంచుకున్నారు. వెర్న్ మీసానికి రంగు వేశాడు. ఆ రంగు కాస్త పై పెదవి మీదికి కూడా పాకింది.

"ఏంట్రా ఆ మీసం? షూ పాలిష్ మిగిలిపోయిందా?" అన్నాడు రాయిస్.

"నోరు ముయ్యి. పదేళ్ళు తగ్గాయని రిసెప్షన్ పిల్ల అంది."

"ఆ పిల్లకి కళ్ళజోడు పెట్టించాలి."

"నీకు ఎవడైనా దొరికాడా?"

"బ్రాక్ ఇనిస్. పదకొండింటికి."

వెర్న్ ఏదో అనబోయి కాఫీ తాగాడు. "మంచిది. నీ కుర్రాడే కదా," అన్నాడు తర్వాత.

బ్రాక్ ఇనిస్ నిజంగానే రాయిస్ కుర్రాడు. స్కాలర్‌షిప్ లేకుండా, సొంత ఖర్చుల మీద జట్టులో చేరినవాడు. అలాంటివాళ్ళకి ఆడే అవకాశం దొరికేది స్పెషల్ టీమ్స్‌లోనే. మూడేళ్ళు రాయిస్ చేతి కింద ఆడాడు. చదువయ్యాక మొదటి ఉద్యోగం ఇప్పించింది రాయిసే, మార్లా వండిన చికెన్ కాసరోల్ తిని వాళ్ళ సోఫా మీదే పడుకున్నాడు ఆరు నెలలు. ఇప్పుడు ముప్ఫై ఎనిమిదేళ్ళకే హెడ్ కోచ్ అయి కూర్చున్నాడు. స్పెషల్ టీమ్స్ కోచ్ కోసం వెతుకుతున్నాడని పేపర్లో కూడా వచ్చింది.

పద్నాలుగో అంతస్తులో గది. తలుపు తీసి బ్రాక్ గట్టిగా కౌగిలించుకున్నాడు. "కోచ్! మీరేం మారలేదు. ఆంటీ ఎలా ఉన్నారు?"

"బాగానే ఉందిరా. నిన్ను అడిగానని చెప్పమంది."

గదిలో ఇంకొకడు ఉన్నాడు. సన్నగా, చలికోటు మెడ దాకా బిగించుకుని, ఒళ్ళో లాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్నాడు. "వీడు కోల్బీ. నా స్నేహితుడు. మీ మాటలు వింటానంటే రమ్మన్నాను, పర్లేదుగా?" అన్నాడు బ్రాక్. పర్లేదన్నాడు రాయిస్. కిటికీ పక్కన తెల్లబోర్డు ఉంది, కొత్త మార్కర్లున్నాయి. బోర్డు చూడగానే అతని ప్రాణం లేచొచ్చింది.

"మీ పంట్ బ్లాక్ చెప్పండి కోచ్. మొదట్నుంచీ చెప్పండి," అన్నాడు బ్రాక్.

పంట్ అంటే ఇంక ముందుకి పోలేమని తెలిసిపోయాక బంతిని అవతలివాళ్ళ వైపు దూరంగా తన్నేసి చేతులు దులుపుకోవడం. బంతి పంటర్ చేతికి వచ్చి, కాలిని వదిలేలోపు రెండు సెకన్లు. ఆ రెండు సెకన్లలో లోపలికి దూసుకుపోయి తన్నుకి అడ్డుపడాలి. రాయిస్ జీవితమంతా ఆ రెండు సెకన్లే. గొంతు సవరించుకుని, పరిగెత్తేవాడి దారిని బోర్డు మీద గీతగా గీస్తూ మొదలుపెట్టాడు. ఎవణ్ణి ఎక్కడ నిలబెట్టాలో, ఎవడు పరిగెడుతున్నట్టు నటించి ఆగిపోవాలో, పంటర్‌కి బంతి వెనక్కి అందించే కుర్రాడి మడమ ఎప్పుడు లేస్తుందో చెప్పాడు. కోల్బీ టకటకా టైపు కొట్టుకుంటున్నాడు, మధ్యలో లేచి బోర్డుకి ఫోటో తీస్తున్నాడు. ఏడాది పాటు బట్టలు పెట్టుకునే చిన్న గదిలో కూర్చుని, మాటాడేవాడు లేక గోడకి చెప్పుకున్న సంగతులన్నీ రాయిస్ నోట్లోంచి ఉరకలేస్తూ వచ్చాయి. నలభై నిమిషాలు గడిచాయి. అతనికి అంత హాయిగా ఉండి చాలా రోజులైంది.

అప్పుడు కోల్బీ చెయ్యెత్తాడు. "కోచ్, మేం సెప్టెంబరులో ఆడే మొదటి జట్టు పంటర్ ఎడమకాలివాడు. అప్పుడు ఈ గీత ఎటునుంచి వస్తుంది?"

మేం అన్నాడు. రాయిస్ మార్కర్ మూత పెట్టి, తీసి, మళ్ళీ పెట్టాడు. గదిలో వేడికి కోల్బీ కోటు జిప్పు కాస్త కిందికి జారింది. లోపల బ్రాక్ వేసుకున్న చొక్కా లాంటిదే ఉంది, అదే రంగు, అదే ముద్ర. మడతల గీతలు కూడా ఇంకా పోలేదు. బ్రాక్ తల వంచుకుని కాఫీ కప్పులోకి చూస్తున్నాడు. ఉద్యోగం ఎప్పుడో ఇచ్చేశాడన్నమాట. పిలిచింది పనివ్వడానికి కాదు, పిండుకోడానికి. కోచ్‌ల లోకంలో ఇదేం కొత్త కాదు. ముసలివాళ్ళని ఇంటర్వ్యూ అని పిలవడం, ఉన్నదంతా చెప్పించుకుని పంపెయ్యడం రాయిస్ కళ్ళారా చూసిందే. బ్రాక్ చేస్తాడని మాత్రం అనుకోలేదు.

ఒళ్ళంతా మండిపోయింది అతనికి. వాడి మొహాన మార్కర్ విసిరికొట్టి పోదామనుకున్నాడు. చెయ్యి మాత్రం బోర్డు మీదికే వెళ్ళింది. ఎడమకాలి పంటర్‌కి గీత అటువైపు నుంచి తెచ్చాడు. తెచ్చి, చివర్లో వంచకుండా తిన్నగా పంటర్ మీదికే లాగేశాడు. కావాలనే లాగాడు.

ఆ వంపే అతని ఆస్తి, ఆ నలభై నిమిషాల్లో ఇంకా దాని దాకా రాలేదు. చివరి రెండు గజాల్లో పరిగెత్తేవాడు వంకర తిరగాలి, పంటర్ మీదికి కాకుండా అతని ముందునుంచి అడ్డంగా దూకాలి. చేతులు బంతికి తగలాలి, ఒళ్ళు పక్కకి పోవాలి. తిన్నగా పోయాడా, తన్నడానికి ఒంటికాలి మీద నిలబడ్డ కుర్రాడి మోకాలి మీద పడతాడు. రాయిస్ రెండో ఉద్యోగంలో అలాగే జరిగింది. తను నేర్పిన కుర్రాడు, తను గీసిన గీత. ఆ కాలు విరిగిన చప్పుడు మైదానం ఇవతలికి వినిపించింది. ఆసుపత్రిలో కాలు విరిగిన పిల్లవాడి తల్లి రాయిస్‌ని ఒక్కటే అడిగింది, "ఇలా పరిగెత్తమని ఎవరు నేర్పారు బాబూ?" అని. ఆ తర్వాత రెండేళ్ళు కూర్చుని ఆ వంపు కనిపెట్టాడు.

ఇప్పుడు తిన్నగా గీసి వెనక్కి తిరిగి చూశాడు. కోల్బీ బుద్ధిమంతుడిలా ఫోటో తీసుకున్నాడు.

"అద్భుతం కోచ్!" అన్నాడు బ్రాక్.

రాయిస్‌కి మోసం కన్నా ఆ మాటే ఎక్కువ తగిలింది. ఆ గీత మీద బ్రాక్ మూడేళ్ళు పరిగెత్తాడు. ప్రాక్టీసులో రోజుకి ముప్ఫై సార్లు, "వంగు, వంగరా దున్నపోతా!" అని రాయిస్ గొంతు పోయేలా అరుస్తుంటే వంగినవాడే. వాడికే తెలియలేదు. తను పోతే ఆ వంపు ఉండేదని తెలిసినవాడు కూడా ఎవడూ మిగలడు.

వెళ్ళిపోవచ్చు. సెప్టెంబరులో ఏమైతే తనకేం, ఆ పాపం వాళ్ళే మోస్తారు. కానీ ఆ ఎడమకాలివాడెవడో, వాడికీ ఒక తల్లి ఉండే ఉంటుంది. రాయిస్ అరచేత్తోనే గీత చెరిపేశాడు.

"ఆ ఫోటో తీసెయ్యి."

"ఎందుకు కోచ్?"

"తప్పు గీశాను. ఇలా రా. నువ్వే గియ్యి."

కోల్బీ వచ్చి గీశాడు. "ఇక్కడ వంగాలి. ఇంకా ముందు. కాలి మీదికి కాదురా, కాలి ముందుకి. మళ్ళీ గియ్యి." నాలుగుసార్లు గీయించాడు. నాలుగోసారి వంపు సరిగ్గా వచ్చింది. ఎందుకు వంగాలో చెప్పాడు, ఆ కాలి చప్పుడు గురించి కూడా చెప్పాడు. కుర్రాడు మొహం పాలిపోయి విన్నాడు. చెడ్డవాడేం కాదు. దాంతో అతన్ని తిట్టుకునే సుఖం కూడా లేకుండా పోయింది.

బ్రాక్ తలుపు దాకా వచ్చాడు. "ఇంకా కొంతమందిని చూడాలి కోచ్. నిర్ణయం కాగానే చెప్తాను."

"ఎప్పుడిచ్చావురా వాడికి?"

బ్రాక్ కళ్ళు ఎర్రబడ్డాయి. "పోయిన గురువారం. పైవాళ్ళు కుర్రాణ్ణి తీసుకోమన్నారు కోచ్. నేనేం చెయ్యను?"

"నన్ను పిలవకుండా ఉండాల్సింది."

తలుపు మూసుకుంది.

నడవాలో, గోడకి ఆనించిన కుర్చీలో వెర్న్ మాట్లాక్ కూర్చున్నాడు. ఒళ్ళో ఫైలు ఉంది. పెదవి మీది రంగు తుడుచుకున్నట్టున్నాడు, అక్కడ చర్మం కమిలింది.

"నన్ను పన్నెండింటికి రమ్మన్నాడు. పొద్దున్న నీకు చెప్పడం ఇష్టం లేకపోయింది," అన్నాడు వెర్న్.

రాయిస్ అతని పక్కన వంగి, గొంతు తగ్గించి చెప్పాడు. "లోపలికి పోకు. ఉద్యోగం ఎప్పుడో ఇచ్చేశారు. లోపలే కూర్చున్నాడు ఆ కుర్రాడు. నీకు తెలిసిన కికాఫ్ ఎత్తులన్నీ రాసుకుని పంపేస్తారు."

"తెలుసు."

"తెలుసా?"

"శుక్రవారమే విన్నాను. లాబీలో అందరికీ తెలుసు రాయిస్, నీకు తప్ప."

"మరి ఎందుకొచ్చావురా?"

వెర్న్ లేచి చొక్కా లోపలికి దోపుకున్నాడు. "పద్నాలుగు నెలలైంది. ఈ మధ్యలో నన్ను ఆట గురించి ఒక్కడంటే ఒక్కడు ఏమీ అడగలేదు. మా మనవడు కూడా. వీళ్ళు అడుగుతామన్నారు. దొంగబుద్ధితోనే అడగనీ, అడుగుతారుగా!" ఫైలు చంకలో పెట్టుకుని తలుపు తట్టాడు. లోపలినుంచి బ్రాక్ గొంతు వినిపించింది, "కోచ్! మీరేం మారలేదు!"

రాయిస్ అక్కడే నిలబడిపోయాడు. కాసేపటికి తలుపు వెనకనుంచి వెర్న్ గొంతు మొదలైంది. మొదట తడబడింది. తర్వాత పుంజుకుంది, ఇరవై ఏళ్ళ కిందట మైదానంలో వినిపించినట్టే గట్టిగా. మార్కర్ కిర్రుమంటోంది. రాయిస్‌కి ఆ కుర్చీలో కూర్చుని ఏడవాలనిపించింది. కూర్చోలేదు. కూర్చుంటే లేవలేనని భయపడ్డాడు.

వెర్న్ లోపలికి వెళ్ళింది పన్నెండుకి ముందే గనక, మార్లా పెట్టిన మధ్యాహ్నం గడువుకి ఇంకా టైముంది. లిఫ్టు దగ్గర నిలబడి మార్లాకి ఫోన్ చేశాడు. మొదటి రింగుకే ఎత్తింది.

"మీ అన్నయ్యకి చెప్పు. సోమవారం వస్తాను."

అవతలినుంచి ఏడుపు వినిపించింది, ఆపుకోలేని ఏడుపు, మధ్యలో నవ్వు కూడా. "నిజంగానా రాయిస్? నిజంగా? ఇంక ఎక్కడికీ పోవుగా?" అంటోంది. గది తలుపు తీసి డెన్నీని కేకేసింది. కింద ఎవరో చప్పట్లు కొట్టారు.

"పోను," అన్నాడు రాయిస్.

ముప్ఫై ఒక్క ఏళ్ళలో, గెలిచిన ఏ ఆట రాత్రీ ఆమె అంత సంతోషపడగా అతను వినలేదు.