సుద్ద ఫిట్

శాంతయ్య మేస్త్రీ నమ్మేవి రెండే: తన చేతిలో స్పానరు, తన కొడుకు మాట. మిగతా లోకమంతా ఎక్కడో ఒకచోట వాటా తింటూనే ఉంటుందని ఆయన గట్టి అభిప్రాయం. పాకాల బస్టాండు అంగట్లో టీ పలచబడినా, ఢిల్లీలో సైన్యానికి కొత్త ట్యాంకులు కొంటామన్నా ఆయనకు పుట్టే అనుమానం ఒకటే.

ఎనభై రెండో సంవత్సరం ఎండాకాలమంతా ఆ అంగట్లో ట్యాంకుల గోలే. శాంతయ్య కొడుకు ధనంజయ ఎడారి సరిహద్దులో ట్యాంకు తోలుతున్నాడు. అందుకని సైన్యం గురించి చివరి మాట తనదేనని మేస్త్రీ ధీమా. రిటైరైన తెలుగు అయ్యవారు గంగాధరం ఒప్పుకుంటేనా?

"ఎప్పటి ట్యాంకులప్పా అవి! అవతలోడు కొత్తవి తెచ్చుకుంటా ఉంటే మనం తుప్పు తుడుచుకుంటా కూర్చోవాల్నా?" అన్నాడు ఆయన ఆరోజు కూడా.

"కొత్తవి కొంటే కమీషను యాడికి పోతాదో మీకు తెల్దా అయ్యవారూ? చెయ్యి తిరిగినోడు ఉంటే పాతదే పరిగెత్తతాది. మా బస్సు సూడండి, ఎన్నేండ్లుగా తిరగతా ఉండాదో."

ఆ బస్సు కుప్పుస్వామిది. పొద్దున్నే పాకాల నుంచి తిరుచానూరుకు భక్తులను మోస్తుంది. షెడ్డులో శాంతయ్య దాని బ్రేకులూ ఇంజనూ చూసి, వెనక రేకు మీద సుద్దముక్కతో 'ఫిట్' అని రాస్తేనే డ్రైవరు ఎక్కుతాడు.

అంతలో పోస్టుమాన్ ధనంజయ జాబు తెచ్చి ఇచ్చాడు. శాంతయ్య ముఖం వెలిగిపోయింది. మీ ట్యాంకు ఎట్లుందో రాయమని, ఇక్కడ అయ్యవారి నోరు మూయించాలని ఆయనే కిందటి నెల కొడుక్కి రాసి ఉన్నాడు. కళ్లద్దాలు షెడ్డులో ఉండిపోయాయి.

"మీరే సదవండి. అందరూ ఇననీ."

గంగాధరం గొంతు సవరించుకున్నాడు. "'నాయనా, నేను క్షేమం. మీ వాదన తెలిసింది. మా ట్యాంకు ముసలిదైనా సుద్ద ఫిట్. ఈడ మేస్త్రీ కూడా నీ మాదిరే మంచోడు. అమ్మకు ఫిట్ అని మాత్రమే చెప్పు.'"

చదివి, జాబును కళ్లకు దగ్గరగా పెట్టుకున్నాడు. "శుద్ధ అని రాయాల్సింది సుద్ద అని రాసినాడు. నా దగ్గరే చదివినాడు, ఒత్తులు మాత్రం అబ్బలేదు. సరేలే శాంతయ్యా, శుద్ధంగా ఫిట్ అని వాడే అంటా ఉంటే ఇంక కొత్తవి ఎందుకు? ఓడినానప్పా, టీ నాది."

అంగట్లో అందరూ నవ్వారు. శాంతయ్య నవ్వలేదు. జాబు వెనక్కి తీసుకుని మడిచాడు.

వాడికి ఒత్తులు రాక కాదు. అది వాళ్లింటి మాట. బ్రేకులు సగమే పడుతున్నా, స్టీరింగు లాగుతున్నా, "ఈ పొద్దుకు రాసెయ్ మేస్త్రీ, రేపు చూద్దాం" అని కుప్పుస్వామి బతిమాలితే శాంతయ్య రాసేది ఉత్త సుద్ద ఫిట్. ఆ ఫిట్ బండిలో ఉండదు, రేకు మీద సుద్దలోనే ఉంటుంది. ఇంట్లో అది వేళాకోళమైపోయింది. జ్వరంతోనే లేచి వంట చేసే భార్య మునిలక్ష్మిని "ఎట్లుండాది?" అని అడిగితే "సుద్ద ఫిట్" అనేది. అది విని పెరిగినవాడు ధనంజయ. సైన్యంలో జాబులు పైవాళ్లు చదివి పంపుతారని తెలిసి, ట్యాంకు బాగాలేదని చెప్పడానికి ఎవరూ కొట్టివేయలేని మాట ఏరుకున్నాడు.

కొత్తవి కొనేవాడు ఏం తింటాడో అని శాంతయ్య ఇన్నాళ్లూ అనుమానించాడు. పాతదానికి ఫిట్ అని రాసేవాడు ఏం తింటాడో అడగనే లేదు. అడగాల్సిన పని ఏముంది, తిన్నది తనే కదా. ముదలాళి కుప్పుస్వామి మెప్పు, చెదరని ఉద్యోగం. ఆయనకు తన మీద తనకే అసహ్యం వేసింది. గంగాధరం ఇప్పించిన టీ తాగకుండానే లేచాడు.

మర్నాడు పొద్దున బ్రేకు తొక్కి చూస్తే పాదం కిందిదాకా పోయింది. బస్సు నిండా జనం, ఒళ్లో పూలబుట్టలు.

"రాసెయ్ మేస్త్రీ, టయమైపోయింది," అన్నాడు కుప్పుస్వామి.

"రాయను ముదలాళీ. బ్రేకు లేదు."

కుప్పుస్వామి కళ్లు చిన్నవయ్యాయి. "నిన్న మొన్నటిదాకా ఉన్న బ్రేకేగదా? పోటీ బస్సోడు నీకేమన్నా చెప్పినాడా? నిజం చెప్పు."

అనుమానమంటే ఎట్లా ఉంటుందో శాంతయ్యకు తెలుసు. కోపం రాలేదు.

"ఎవురూ చెప్పలేదు. నాకు ముందే తెలుసు, అదే నా తప్పు."

"అయితే రేపట్నుంచి రావద్దు."

జనం గొణుక్కుంటూ దిగారు. అమ్మవారి దర్శనం చెడగొట్టావని ఒక ముసలమ్మ ఆయన్ను తిట్టిపోసింది. శాంతయ్య సుద్దముక్కను షెడ్డు గూట్లో పెట్టి, కళ్లద్దాలు తీసుకుని ఇంటికి నడిచాడు.

"అబ్బోడు ఏం రాసినాడు?" అంది మునిలక్ష్మి.

"ఫిట్ అని రాసినాడు."

ఆమె ఆయన ముఖం చూసింది. "ఏ ఫిట్?"

శాంతయ్య కళ్లద్దాలు పెట్టుకున్నాడు. పోస్టు కార్డు తీసి, ఒక్కో అక్షరం దిద్దినట్టు రాశాడు. 'నాయనా ధనంజయా, ఈ పొద్దు నేను బస్సు మీద ఫిట్ అని రాయలేదు. పని పోయింది. ఈ మాట మీ మేస్త్రీకి చెప్పు.'