ఒకే జోకరు, రెండు మొహాలు

"ఇంత తెల్లగా ఎయ్యకే, సున్నం కొట్టిన గోడలాగుంటాను," అన్నాడు ఢిల్లీశ్వరరావు.

"గోడైతే నయమే మావా, నోరుమూసుకుని ఉంటాది," అంది గున్నమ్మ, మొగుడి గెడ్డం పట్టుకుని ఎడం బుగ్గ తనవైపు తిప్పుకుంటూ.

కొరాపుట్టులో ఒక బడి వెనక సామాన్ల గది అది. కాళ్ళు విరిగిన బెంచీల మధ్య ఇద్దరూ ఎదురుబొదురుగా కూర్చున్నారు. కిటికీలోంచి నవంబరు మంచు పొగలా లోపలికొస్తోంది. ముందురోజే రాయగడ నుంచి ఘాట్ రోడ్డు బస్సులో, వాంతులొచ్చే మలుపులన్నీ తిరిగి, బూరల సంచీ ఒళ్ళో పెట్టుకుని వచ్చారు. రబ్బరు బుడగల్ని ఆ వైపు బూరలనే అంటారు. గున్నమ్మ బతుకంతా ఇంట్లో బూరెలకీ సంతలో బూరలకీ సరిపోయింది. బూరెలకి పొయ్యి ఊదాలి, బూరలకైతే బూరల్నే ఊదాలి. ఊదేది ఎక్కడైనా గున్నమ్మే. పొంగేది మాత్రం ఢిల్లీశ్వరరావు.

పేరులో ఢిల్లీ ఉంది గానీ ఆయన ఎల్లలు ఇటు కొరాపుట్టు, అటు పార్వతీపురం. ఈశ్వరుడూ ఉన్నాడు గానీ మూడోకన్ను మాట అటుంచి, ఉన్న రెండు కళ్ళూ పెళ్ళాం చాకిరీని చూసిన పాపాన పోలేదు. అయినా "రాయగడ జోకరు" అంటే టికిరి సంతలో మూటలు దించే కూలీ దగ్గర్నుంచి బందుగాం బళ్ళో అయ్యవారి దాకా అందరికీ ఆయనే గుర్తు. ఆ జోకరు ఏళ్ళ తరబడి గున్నమ్మేనన్న సంగతి ముగ్గురికే తెలుసు. గున్నమ్మకి, ఆవిడ మొగుడికి, అత్త అమ్మన్నమ్మకి.

అందుకే ఈవేళ ఒక జోకరుకి రెండు మొహాలు రాయాల్సి వచ్చింది. పిల్లల పండగకి ఆట ఆడించి, చివర్న ఊరి పెద్దల ముందు దండ వేస్తామని పెద్దపంతులమ్మ గౌరీశ్వరి కబురు పెట్టింది. ఆట గున్నమ్మ ఆడాలి. అందరూ చప్పట్లు కొట్టగానే ఆవిడ ఈ గదిలోకి తప్పుకోవాలి. అదే కోటు, అదే టోపీ, అదే మొహంతో ఢిల్లీశ్వరరావు బయటికెళ్ళి దండ వేయించుకుని నాలుగు మాటలు చెప్పాలి. ఎందుకంటే జోకరు ఆటలో మాట్లాడడు. దండకి మాత్రం మాట్లాడాలి కదా.

"దండేసే మెడ ఒకడిది, ఒళ్ళొంచే మెహనతు ఒకరిది," అనుకుంది గున్నమ్మ. ఎర్రరంగులో వేలు ముంచి ఆయన ముక్కు మీద గుండ్రంగా పెట్టింది.

ఆ ముక్కంటే ఒకప్పుడు ఆవిడకెంత ఇష్టమో. ఏదో సర్కసు కంపెనీ రైలెక్కి రాయ్‌పూర్ పోతూ, జొరం తగిలిన జోకరుని రాయగడ స్టేషన్లో దింపేసి పోయిందట. ఆ మనిషి నాగావళి ఒడ్డున నీళ్ళబిందె నెత్తిన పెట్టుకుని, కాలు జారినట్టు జారి, పడబోయి, పడకుండా, బిందెకి దణ్ణం పెట్టాడు. బట్టలు ఉతుకుతున్న గున్నమ్మ చీర ఏట్లో కొట్టుకుపోయేదాకా నవ్వింది. పెళ్ళికి కారణం అదే. పొట్ట కోసం పొట్టలు చెక్కలు చేసే మనిషి, పస్తులున్నా నవ్వుతూ ఉండొచ్చనుకుంది. ఆ రోజులు నిజంగా బాగుండేవి. రంగులు కలపడం ఆవిడకి పుట్టింటి నుంచే వచ్చు. నాన్న అసిరయ్య దసరాకి పులివేషాలు రాసేవాడు, ఈవిడ గిన్నె పట్టుకునేది. సంతకి ఇద్దరూ కలిసి నడిచేవారు. టికిరి సంతలో పచ్చిపసుపు వాసన, అల్లం వాసన, మెడ నిండా పూసలేసుకుని కొండ దిగొచ్చిన ఆడవాళ్ళు, వాళ్ళ చంకల్లో పిల్లలు. దూరంనించి టోపీ కనపడితే చాలు, "జోకర్ ఆసిలా! జోకర్ ఆసిలా!" అని, జోకరొచ్చాడని ఒరియాలో అరుచుకుంటూ పరిగెత్తుకొచ్చేవారు. ఆయన పల్టీలు కొట్టేవాడు, ఆవిడ చెట్టుకింద కూర్చుని బూరలూది, పిల్లల మొహాలకి పులిచారలు రాసేది. తిరుగుదార్లో ఒకే మరమరాల పొట్లం ఇద్దరూ తినేవారు.

ఆ పొట్లాన్ని చలిజొరం ఎగరేసుకుపోయింది. ఓ దసరా ముందు ఢిల్లీశ్వరరావు మూడు దుప్పట్ల కింద గజగజలాడుతున్నాడు. బట్టల షావుకారు కన్నయ్య టికిరిలో ఆట పెట్టించి, నలుగురికీ చెప్పుకున్నాడు. పెళ్ళయ్యాక వచ్చి వాళ్ళ దగ్గరే ఉండిపోయిన అమ్మన్నమ్మ, కొడుకు నుదురు మీద తడిగుడ్డ మారుస్తూ, కోడల్ని పైనించి కిందికి చూసింది.

"నువ్వెల్లు. రంగు పులిమేక మొగేటి, ఆడేటి? నోరు మాత్రం ఇప్పకు, గొంతు తెలిసిపోతాది. పళ్ళు కనపడ నవ్వకు."

పళ్ళు కనపడకుండా పదిమందినీ నవ్వించమనే అత్త ఆవిడకే దొరికింది. గున్నమ్మ వెళ్ళింది. మాట లేదు కాబట్టి ఒళ్ళంతా మాటయింది. ఊదిన బూరని చంటిపిల్లలా ఒళ్ళో వేసుకుని జో కొట్టింది. అది ఏడిస్తే పాలు పట్టింది, వంట చేస్తూ చంకనెత్తుకుంది, చివరికి అది చేజారి ఎగిరిపోతుంటే వెనకాల పరిగెత్తింది. సంత సంతంతా నిలబడిపోయింది. మగాళ్ళు నవ్వారు. ఆడవాళ్ళు నవ్వుతూ నవ్వుతూ ఎందుకో కొంగులతో కళ్ళొత్తుకున్నారు.

కన్నయ్య మర్నాడు ఇంటికొచ్చి మంచం పక్కన కూచుని, "ఒరే ఢిల్లీ, అంత జొరంతో ఏం ఆడేవురా! ఆడదాని మనసు నీకెలా తెలిసిందిరా!" అన్నాడు. ఢిల్లీశ్వరరావు దుప్పట్లోంచి తల బయటపెట్టి, "ఏదో, కళ," అన్నాడు.

జొరం తగ్గింది. కళ తగ్గలేదు. "నీకు అలవాటైపోనాది కదే," అన్నాడు ముందు. తరవాత నడుం నొప్పన్నాడు. ఆ తరవాత ఏమీ అనడం మానేశాడు. టోపీ మేకుకి తగిలించి ఉంటే అది తనదేనని గున్నమ్మే తీసుకునేది. సంతలో జోకరు, ఇంట్లో చాకిరీ. ఆట ముగించి, ఏట్లో మొహం కడుక్కుని, చీర కట్టుకుని ఇంటికొస్తే అరుగు మీద ఆయన నలుగురికీ ఆ ఆటే చెబుతూ కనపడేవాడు. "వచ్చేవా? పొయ్యి ఆరిపోనాది సూడు," అనేది అత్త. "పులుసులో ఉప్పేది?" అనేవాడు మొగుడు. తన వేషాన్ని తన మొగుడు వేసుకుని తిరుగుతుంటే, ఆ వేషానికి అన్నం వండిపెట్టే వేషం ఇంకొకటి. ఏ వేషమూ లేనప్పుడు తనెవరో గున్నమ్మకి కనుక్కునే తీరికే లేకపోయింది.

అదంతా ఆవిడ మోసింది. మొయ్యలేనిది ఒక్కటే. ఆవిడ మగాడైన రోజు నుంచీ ఆడపిల్లల మొహాలు ఆవిడకి దూరమయ్యాయి. చెట్టుకింద చీరతో కూర్చున్నప్పుడు మగపిల్లలూ ఆడపిల్లలూ ఒకే వరసలో వచ్చేవారు. ఇప్పుడు ఆడపిల్ల ఒక్క అడుగు ముందుకేస్తే చాలు, వెనకనించి తల్లో, అమ్మమ్మో జబ్బ పట్టుకు లాగేది. "పరాయి మొగోడి సేత బుగ్గలు పట్టించుకుంటావేటే!" వాళ్ళకి కర్ర చివర కట్టిన బూర దూరంనించి అందించాలి. వాళ్ళు బూర తీసుకుని, మొహాలు మాత్రం అక్కడే వదిలేసినట్టు చూస్తూ పోయేవారు. ఆ చూపులు గున్నమ్మ వెంట ఇంటిదాకా వచ్చేవి. నోరు విప్పితే పిల్లలు దగ్గరవుతారు. కానీ ఇల్లు పోతుంది, పేరు పోతుంది, రేపటి సంత పోతుంది. ఏళ్ళ తరబడి ఆ రెండింటి మధ్యే మూతి బిగించుకుని నిలబడింది.

"అయిపోనాదా?" అన్నాడు ఢిల్లీశ్వరరావు.

"అయిపోనాది," అంది.

మైదానంలో పిల్లలు గుంపుగా కూర్చున్నారు. వరండాలో తల్లులు. గౌరీశ్వరి పంతులమ్మ గౌరవంగా చేతులు జోడించి, "ఢిల్లీ గారూ, ఆట అవగానే మగపిల్లలకి రంగులెయ్యండి. ఆడపిల్లలకి తలో బూర చాలు. తల్లులు ఒప్పుకోరు," అంది. గున్నమ్మ తలూపింది. తలూపడంలో ఆవిడకి మంచి సాధన ఉంది.

ఆట పండింది. మగపిల్లలు వరస కట్టారు. పులులు, కోతులు, ఒక ఎలుగ్గొడ్డు తయారయ్యాయి. వరస చివరికొచ్చాక, బడి ప్యూను కూతురు కుంతి, ఏడేళ్ళుంటాయేమో, చేతిలో బూరని నేలమీద వదిలేసి దగ్గరికొచ్చింది.

"జోకర్ మామూ, నాకూ పులి ఎయ్యవా?"

గున్నమ్మ వేలు గాల్లో ఆగిపోయింది. జోకరు మాట్లాడడు. పిల్ల, చిప్పలోంచి నేలమీద ఒలికిన నల్లరంగుని తన వేలితోనే అద్దుకుని, అద్దం లేకుండా, తన బుగ్గ మీద తనే గీత గీసుకుంది. గీత వంకరగా చెవిదాకా పోయింది. ఇంకోటి గీసేలోగా తల్లి పుణ్యవతి వరండాలోంచి ఒక్క పరుగున వచ్చి, వీపు మీద ఒకటిచ్చి, కొంగుతో ఆ బుగ్గని చర్మం ఊడిపోయేలా తుడవడం మొదలెట్టింది.

"సిగ్గులేదేటే గుంటా! మొగోడి ముందు మొహం సాపుతావా!"

పిల్ల ఏడవలేదు. తుడుస్తున్నంతసేపూ జోకరు కళ్ళలోకే చూసింది.

"ఒగ్గీ తల్లీ, పిల్లని ఒగ్గీ," అంది గున్నమ్మ. "నాను మొగోణ్ణి కాదు. ఆడదాన్నే."

మైదానమంతా పెద్ద నవ్వు. జోకరు ఆడగొంతు పెట్టాడు! ఎంత బాగా పెట్టాడు! పిల్లలు ఎగిరి ఎగిరి చప్పట్లు కొట్టారు. మళ్ళీ అనమని అరిచారు. గున్నమ్మకి ఏడుపొచ్చినంత పనైంది. ఇన్నాళ్ళకి ఒక నిజం చెబితే అదీ ఆటలోకే జమయింది.

పుణ్యవతి నవ్వలేదు. "ఏటీ ఎకసెక్కాలు," అంది కోపంగా.

గున్నమ్మ కోటు చెయ్యి పైకి లాగింది. మోచేతి దాకా పాతవీ కొత్తవీ కాలిన మచ్చలు. పెనం అంచు తగిలినవి, గంజి ఒలికినవి, పొయ్యిలో నిప్పు అంటుకున్నవి. ఒకదాని మీద ఒకటి.

"సూడు తల్లీ. ఏ మొగోడి సేతికున్నాయి ఇవి?"

పుణ్యవతి కొంగు వదిలేసింది. ఆ చేతిని చూసింది. మెల్లిగా తన చెయ్యి తెచ్చి పక్కన పెట్టింది. రెండు చేతులూ ఒకే పొయ్యి దగ్గర పెరిగిన అక్కచెల్లెళ్ళలా ఉన్నాయి. వరండాలోంచి ఇంకో ఇద్దరు దిగివచ్చి వంగి చూశారు. "ఓలమ్మో, నిజవేనే," అంది ఒకావిడ, నోటిమీద చెయ్యేసుకుని. "ఇన్నాళ్ళూ ఈ ఆడకూతురా మనల్ని నవ్వించిందీ!"

ఇందాకటి చప్పట్లు సామాన్ల గదిలోకి వినబడే ఉంటాయి. దండకి వేళైందనుకుని ఢిల్లీశ్వరరావు టోపీ సర్దుకుని, మెడ ముందుకు చాచి, ఠీవిగా మైదానంలోకి నడిచొచ్చాడు. అచ్చం అదే మొహం, అదే కోటు. నడిమధ్యకొచ్చాక అక్కడ ఇంకో జోకరు ఆడవాళ్ళ మధ్య నిలబడి ఉండడం చూసి కొయ్యబారిపోయాడు. పిల్లలు పొట్టలు పట్టుకుని దొర్లారు. పాపం, ఎన్నో ఏళ్ళ తరవాత తన మొహంతో తను నవ్వించాడు.

"గున్నీ, ఏటే ఇది? ఏటి సేసేవే?" అన్నాడు, రంగు కింద మొహం ఏ రంగైందో తెలీలేదు. "నా పేరేటి అవుతాది?"

దండ పట్టుకున్న గౌరీశ్వరి ఆ మొహం నుంచి ఈ మొహానికి చూస్తూ, "ఇందులో జోకరెవరు? దండ ఎవరికి?" అని అడుగుతోంది. వరండాలోని ఆడవాళ్ళు తలా ఒకటి చెబుతున్నారు.

గున్నమ్మ అటు తిరగలేదు. ఆవిడ ముందు కుంతి నిలబడి ఉంది. కుంతి వెనకాల ఇంకో పిల్ల, ఆ వెనక ఇంకొకత్తె. బూరలన్నీ మైదానంలో ఎటు పడితే అటు దొర్లుతున్నాయి, ఎవరూ ఏరుకోవడం లేదు. గున్నమ్మ మోకాళ్ళ మీద కూర్చుని, కందిపోయిన ఆ బుగ్గని అరచేత్తో పట్టుకుంది.

"సెప్పమ్మి," అంది, తన గొంతుతోనే. "మీసాలు ఎంత పొడుగు కావాల?"