ముఅత్తర్ వాటా శేషాలు

ముఅత్తర్ పేరెత్తితే నాకు ఒళ్ళు మండేది. సమర్‌కండ్‌లో మా గురువు జియావుద్దీన్ దోమ్లా నడిపే గణిత బృందంలో నేను చేరిన రెండేళ్ళకు వచ్చింది. లెక్క తేల్చినవాళ్ళకే దోమ్లా రొట్టెలో మొదటి ముక్క తుంచి ఇచ్చేవారు. ఆమె వచ్చాక ఆ ముక్క నా చేతికి రాలేదు.

ఆ వసంతంలో దోమ్లా బృందాన్ని మా ఇద్దరిలో ఒకరికి అప్పగిస్తానన్నారు. నల్లబల్ల మీద 2404277 అని రాసి, ఇది ప్రధాన సంఖ్యో కాదో వారంలో తేల్చమన్నారు. ప్రధానం కాకపోతే 1550 లోపు ప్రధాన సంఖ్య ఏదో ఒకటి దాన్ని శేషం లేకుండా భాగించాలి. అలాంటివి 244. చెరో 122 పంచారు. 673 వరకు నావి, 677 నుంచి ఆమెవి. ఎవరి పుస్తకంలో వాళ్ళు ప్రతి దాని పక్కన శేషం రాసి, చివర సంతకం పెట్టాలి. సంతకం పడితే దోమ్లా మళ్ళీ చూడరు.

నేను 397 దాకా చేశాను. అప్పటికే ఆమె తన పుస్తకం ఇచ్చేసిందని తెలిసింది. అంత తొందరగా చేసిందంటే ఎక్కడో తప్పు చేసే ఉంటుందనిపించింది. ఆమె వాటా మొత్తం నేనే మొదటి నుంచి భాగించాను, నాలుగు రోజులు పట్టింది. తర్వాత దోమ్లా సొరుగులోంచి ఆమె పుస్తకం తీసి పోల్చాను. ఒక్క తప్పు దొరికితే ఒట్టు. ఇక గడువు లేదు. నా పుస్తకంలో మిగిలినవాటి పక్కన తోచిన శేషాలు రాసి సంతకం పెట్టేశాను.

శనివారం ఎవరికీ సున్నా రాలేదని చూసి దోమ్లా ప్రధాన సంఖ్యే అనబోయారు. ముఅత్తర్ లేచి, సరదాకి వర్గాలతో ఆడానంటూ రెండు వరుసలు రాసింది. 1546, 119ల వర్గాలు కలిపినా, 1394, 679ల వర్గాలు కలిపినా అదే సంఖ్య వచ్చింది. రెండు వర్గాల మొత్తంగా రెండు రకాలుగా కుదిరే సంఖ్య ప్రధానం కాదని మా అందరికీ తెలుసు.

"అయితే మీ ఇద్దరిలో ఒకరి సంతకం అబద్ధం," అన్నారు దోమ్లా.

ముఅత్తర్ ముఖం పాలిపోయింది. "తొందరపడ్డాను దోమ్లా, నాదే అయ్యుంటుంది. మళ్ళీ చేస్తాను," అంది.

నేను నోరు మూసుకుంటే సరిపోయేది. కానీ ఆమె వాటాలో తప్పు లేదని ఈ లోకంలో నా ఒక్కదానికే తెలుసు. సంచిలోంచి ఆమె వాటాకు నేను చేసిన లెక్కలు తీసి బల్ల మీద పెట్టి, నా వాటాలో 397 తర్వాతవి చేయలేదని చెప్పాను. దోమ్లా నా వాటాలో 401 నుంచి ఒక్కొక్కటే భాగించి, 457 దగ్గర ఆగారు. శేషం సున్నా.

"నీ వాటా వదిలేసి ఆమెది ఎందుకు చేశావమ్మా?" అని అడిగారు.

ముఅత్తర్ నా కాగితాలు తన పుస్తకంతో వరుసగా పోల్చి చూసుకుంది.

"ఒక్కటీ తేడా లేదక్కా. నాకోసం ఇంత కష్టపడ్డావా?" అంది.

నిజంగానే అడుగుతోంది. నేను అలా ఎందుకు చేశానో ఆమెకు తట్టనే లేదు. ఆ తట్టకపోవడం చూసి కూడా నాకు కుళ్ళే.