మూడో స్తంభం

వానల్లేని నెలల్లో ఏరు బాగా తగ్గినప్పుడు మోహనప్రియ పడవలో పాత రైలు వంతెన కిందికి వెళ్లింది. ఇటుక కమానుల వంతెన అది. రబ్బరు తోటల సరుకు రేవుకు చేర్చడానికి దొరల కాలంలో కట్టారు. రైళ్లు ఆగి, పట్టాలు కూడా పీకేశాక, అవతలి గట్టున తోట లైన్లలో, అంటే కూలీల ఇళ్ల వరసల్లో, మిగిలిన జనం మోటార్‌సైకిళ్ల మీద దాని మీదుగానే హుటాన్ మెలింటాంగ్ ఊరికి వచ్చిపోతున్నారు. దాని బలం ఎంతో తేల్చే పని కౌలాలంపూర్‌లో ఆమె ఇంజనీరుగా పనిచేసే కంపెనీకి వచ్చింది.

మూడో స్తంభం దగ్గర పడవ ఆపించింది. ఆ రోజుల్లో బురదలోకి కర్ర దుంగలు దిగ్గొట్టి, వాటి మీద స్తంభాలు లేపారు. నీళ్లలో మునిగి ఉన్నంతకాలం ఆ కర్రకు చేటు లేదు. కానీ దిగువన ఏళ్ల తరబడి ఇసుక తోడడంతో ఏటి అడుగు కుంగి, దుంగల తలలు బయటపడ్డాయి. తడుస్తూ ఆరుతూ పుచ్చిపోయాయి. ఆమె స్క్రూడ్రైవర్ గుచ్చితే పిడి దాకా దిగిపోయింది.

ఆ వారమే వంతెనకు రెండు వైపులా కాంక్రీటు దిమ్మలు పెట్టించారు. అందరికంటే ఎక్కువ కోపం కాంతయ్యకే వచ్చింది. ఆయన ఆమెకు చిన్నాన్న. తండ్రి పోయాక ఆమెను పెంచింది ఆయనే. రేవులో చేపలు కొని, వంతెన దాటి లైన్లలో అమ్మి ఆమెను చదివించాడు.

"ఏటి గుంటా, నా దారి మూసేసినావట?" అన్నాడు అన్నం ముందు కూర్చుని. "ఆ వంతెనకి ఇటికలు మోసినోడు మా తాత. ఇసాపట్నంలో ఓడెక్కి ఈ పనికే వచ్చినాడు. రైలుకే పడనిది నా బండికి పడతాదా?"

"ఇటికలకేటీ అవలేదు సిన్నాన్నా. కింద కర్ర పుచ్చిపోనాది. ఒక కమాను పక్క కమానుని ఆనుకుని నిలబడతాది. ఒకటి పోతే పక్కది కూడా పోతాది."

"మా తాత కట్టినాడు, మునిమనవరాలు కూలదోస్తాది," అన్నాడు. నవ్వలేదు. చిన్నమ్మ పాపాయి బతిమాలితే, ఇక దాటనని మాటిచ్చాడు.

నవంబరులో వానలు పట్టుకున్నాయి. ఏరు పొంగి, చుట్టూ తిరిగి వెళ్లే రోడ్డు మునిగిపోయింది. మోహనప్రియ వంతెన చూడ్డానికి వచ్చేసరికి దిమ్మలను ఎవరో పక్కకు జరిపేశారు. ఆమె ఫోన్ తీసి, లైన్లలో చిక్కుకున్నవాళ్లకు పడవ పంపమని చెబుతుండగానే అవతలి నుంచి వానలో ఒక బండి వచ్చింది. నడిపేది కాంతయ్య. వెనక ఆయన్ని కరుచుకుని పాపాత్తి అనే ముసలావిడ. వారానికి మూడుసార్లు రక్తం శుద్ధి చేయించుకోకపోతే బతకదు.

"ఈమెని ఆస్పత్రికి తీసుకెల్లు," అన్నాడు కాంతయ్య, ఆవిణ్ణి కారులో కూర్చోబెట్టి. "ఇంట్లోకి నీల్లొచ్చేసినాయి. సుప్పయ్య మంచం మీదే ఉండిపోనాడు. కాళ్లు లేవు గదా మనిషికి. నానెల్లి ఎత్తుకొస్తాను."

సుప్పయ్య పాపాత్తి మొగుడు. మోహనప్రియ బండి తాళం లాగేసింది. "వద్దు సిన్నాన్నా. పడవ పంపమని చెప్పినాను. వస్తాది."

"ఎప్పుడు?"

కారులో పాపాత్తి ఆయాసపడుతోంది. కాంతయ్య మోహనప్రియ భుజం తట్టి ముందుకు కదిలాడు.

"బండి వద్దు. నడిచెల్లు. అంచునే నడు," అంది మోహనప్రియ. ఆ మాట తన నోటి నుంచే వచ్చింది.

ఆయన లుంగీ ఎగ్గట్టి నడుస్తూ మూడో స్తంభం దాటాడు. మొదట ఆ స్తంభం కదిలినట్టు కూడా అనిపించలేదు. కొంచెం పొట్టిదైనట్టు కనిపించింది, అంతే. తర్వాత దాని మీది కమాను నడుమ విరిగింది. ఆనుకునే ఆసరా లేక పక్కది, దాని పక్కది ఒరిగిపోయాయి. కాంతయ్య పరిగెత్తాడు. ఆయన వెనకాలే వంతెన పడిపోతూ వచ్చింది, ఆయన్ని దాటిపోయింది. మధ్యలో ఒక లావు స్తంభం ఉంది. ఇలాంటి రోజు వస్తే కూలడం అక్కడితో ఆగాలని కట్టినవాళ్లు వేసిందే. కూలడం అక్కడే ఆగింది. కాంతయ్య అక్కడిదాకా చేరలేదు.

ఆమె అరిచిందో లేదో ఆమెకే గుర్తు లేదు. కారు తిప్పి పాపాత్తిని ఆస్పత్రికి చేర్చింది. సుప్పయ్యను సాయంత్రం పడవ వాళ్లు తీసుకొచ్చారు. మొగుడూ పెళ్లాం ఇద్దరూ బతికారు. కాంతయ్య శవం ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర వలలకు తగిలింది.

"నువ్వక్కడే ఉన్నావా?" అని అడిగింది చిన్నమ్మ పాపాయి.

"ఉన్నాను సిన్నమ్మా."

"ఆపలేదా?"

"ఆపినాను. తర్వాత వదిలేసినాను. నడిచెల్లమన్నాను."

పాపాయి గోడవైపు తిరిగి పడుకుంది. కర్మలన్నీ అయ్యేదాకా ఆమెతో మాట్లాడలేదు.

మిగిలిన కమానులు చేపల పడవల మీద పడే ప్రమాదం ఉందని వాటిని కూల్చడానికి నిశ్చయించారు. ఆ పని వేరే ఎవరికైనా ఇస్తామన్నారు పైవాళ్లు. మోహనప్రియ తానే చేస్తానంది. ఆ సంగతి విని పాపాయి, "నానూ వస్తాను. సూడాల," అంది.

ఇద్దరూ గట్టున నిలబడి చూశారు. యంత్రం తగిలిన కొద్దీ ఎర్రటి ఇటుకలు కుప్పలుగా ఏట్లో పడ్డాయి. చివరి కమాను పడ్డాక మోహనప్రియ కారు ముందు తలుపు తీసి పట్టుకుంది. పాపాయి వెనక తలుపు తానే తీసుకుని కూర్చుంది.